అన్నీ కిలోవాట్లలోకి మార్చి కూడితే 131 వచ్చింది, 62.5 కేవీఏ జనరేటర్ చాలంటున్నారు. తప్పెక్కడ?

ప్లాంటులెక్క:
చిన్న వర్క్‌షాప్‌కి జనరేటర్ సైజు తేల్చాలి. చిక్కేమిటంటే ఒక్కో మెషీన్ మీద పవర్ ఒక్కో యూనిట్‌లో ఉంది. నెట్‌లో దొరికిన గుణకాలతో అన్నీ కిలోవాట్లలోకి మార్చాను:

నీళ్ల పంపు మోటారు 10 హెచ్‌పీ: 7.46
ఎయిర్ కంప్రెసర్ మోటారు 15 హెచ్‌పీ: 11.19
డక్టబుల్ ఏసీలు రెండు, ఒక్కోటి 5.5 టన్నులు: 38.69
డీజిల్ బర్నర్ ఉన్న వేడినీళ్ల హీటర్, గంటకు 60,000 కిలోకేలరీలు: 69.78
లైట్లు, కంప్యూటర్లు: 4

మొత్తం 131.12 కిలోవాట్లు. 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో (కేవీఏలో ఎంత వంతు నిజమైన కిలోవాట్లో చెప్పే అంకె) భాగిస్తే 164 కేవీఏ. జనరేటర్ అమ్మేవాళ్లేమో 62.5 కేవీఏ సరిపోతుంది అంటున్నారు. ఇంత తేడా ఎలా? గుణకాలు రెండు మూడు చోట్ల సరిచూసుకున్నాను, అవి కరెక్టే.

ఇంకో రెండు సందేహాలు. 10 హెచ్‌పీ మోటారు నేమ్‌ప్లేట్ మీద 7.5 కిలోవాట్లనీ, 15 హెచ్‌పీ దాని మీద 11 కిలోవాట్లనీ ఉంది. ఒకటి లెక్కకన్నా ఎక్కువ, ఒకటి తక్కువ. ఏది వాడాలి? జనరేటర్ ఇంజిన్ కేటలాగ్‌లో 78 పీఎస్ అని ఉంది. పీఎస్, హెచ్‌పీ ఒకటేనా?

వైండింగ్‌వాలా:
మీ గుణకాల్లో తప్పు లేదు, కూడికలో ఉంది. ఆ అయిదు అంకెల్లో నాలుగు రకాల పవర్‌లున్నాయి. మోటారు మీద రాసేది షాఫ్టు దగ్గర బయటికొచ్చే పవర్. ఏసీ మీద టన్ను అంటే గదిలోంచి లాగేసే వేడి. బర్నర్ మీద కిలోకేలరీ అంటే డీజిల్ మండితే నీళ్లకు అందే వేడి. మీ పట్టికలో లైట్ల వరుస ఒక్కటే నేరుగా కరెంటు. యూనిట్ మార్చినంత మాత్రాన వేడి కరెంటైపోదు.

మోటార్ల సంగతి నేను చెప్తాను.

ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ప్రమాణం) మోటార్లు కొన్ని ఖాయమైన సైజుల్లోనే వస్తాయి: 0.75, 1.5, 2.2, 3.7, 5.5, 7.5, 11, 15, 18.5, 22 కిలోవాట్లు. వాటికి వాడుకలో ఉన్న పేర్లు వరసగా 1, 2, 3, 5, 7.5, 10, 15, 20, 25, 30 హెచ్‌పీ. 10 హెచ్‌పీ ఖచ్చితంగా లెక్కేస్తే 7.457 కిలోవాట్లు, దాన్ని 7.5 అన్నారు. 15 హెచ్‌పీ 11.19, దాన్ని 11కి దించారు. అంటే మీ 15 హెచ్‌పీ మోటారు నిజానికి 14.75 హెచ్‌పీ. నేమ్‌ప్లేట్ మీద కిలోవాట్ అంకె ఉంటే అదే తీసుకోండి, హెచ్‌పీ అంకెను పేరు కింద లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు పని. ఆ 7.5 బయటికొచ్చేది. లోపలికి పోయేది కావాలంటే ఎఫిషియెన్సీతో భాగించాలి. చాలామంది గుణిస్తారు, అక్కడే లెక్క తలకిందులవుతుంది. మోటారు తీసుకునే కరెంటు ఎప్పుడూ షాఫ్టు పవర్ కన్నా ఎక్కువే ఉండాలి. తక్కువొస్తే మీరు గుణించారన్నమాట.

నేమ్‌ప్లేట్ మీద ఎఫిషియెన్సీ చెరిగిపోయినా మిగతా అంకెల నుంచి తీయొచ్చు. 7.5 కిలోవాట్ల ప్లేట్ మీద 400 వోల్టులు, 14.3 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.85 అని ఉందనుకోండి. 1.732 × 400 × 14.3 × 0.85 = 8,421 వాట్లు. ఇది లోపలికి పోయేది. 7,500 ÷ 8,421 = 0.89. ఇదే ఎఫిషియెన్సీ. ఇది ఒకటికి మించి వచ్చిందంటే మీరు డెల్టా, స్టార్ (మోటారు వైండింగ్‌ని కలిపే రెండు పద్ధతులు) ఆంపియర్లలో తప్పుదాన్ని చదివారు. ప్లేట్ మీద రెండు వోల్టేజీలుంటే ఆంపియర్లు కూడా రెండు ఉంటాయి, పై వోల్టేజీకి కింది ఆంపియర్లు.

పంపు 7.5 ÷ 0.89 = 8.43 కిలోవాట్లు, కంప్రెసర్ 11 ÷ 0.90 = 12.22 కిలోవాట్లు వేసుకోండి. రెండూ ఫుల్ లోడ్ లెక్కలు.

పంపు మోటారు ఫుల్ లోడ్‌లో ఉందా లేదా అన్నది వేరే లెక్క. గంటకు 36 ఘనమీటర్లు, 30 మీటర్ల హెడ్ (నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు) అయితే 36 × 30 ÷ 367 = 2.94 కిలోవాట్లు నీళ్లకు అందుతుంది. పంపు ఎఫిషియెన్సీ 60 శాతం అయితే షాఫ్టు దగ్గర 4.9. అంటే 7.5 మోటారు మూడింట రెండొంతుల లోడ్‌లో నడుస్తోంది. పాత పంపు పుస్తకాల్లో గ్యాలన్లు, అడుగులు ఉంటే జాగ్రత్త. నిమిషానికి గ్యాలన్లు × అడుగులు ÷ 3960 (జవాబు హెచ్‌పీలో) అనేది అమెరికా గ్యాలన్‌కి. ఇంపీరియల్ గ్యాలన్‌కి 3300 వాడాలి. ఇది తారుమారైతే 20 శాతం తేడా కొడుతుంది, హెచ్‌పీ–పీఎస్ తేడా దీని ముందు లెక్కలోకే రాదు.

త్వరితం:
ఏసీ సింపుల్. ప్లేట్ మీద ఈఈఆర్ చూడండి. 11 ఉంటే 38.69 ÷ 11 = 3.5 కిలోవాట్లు. రెండు ఏసీలకీ కలిపి అంతే.

చల్లగాలి:
కాదండీ. 11 టన్నుల చల్లదనం 3.5 కిలోవాట్లతో వస్తే ఇంకేం కావాలి. ఈఈఆర్ అంటే ఒక వాట్ కరెంటుకి గంటకు ఎన్ని బీటీయూల (వేడిని కొలిచే బ్రిటిష్ యూనిట్) వేడి లాగుతుందో ఆ అంకె. పైన కిలోవాట్లు, కింద ఈఈఆర్ పెట్టి భాగించకూడదు, యూనిట్లు కలవవు. పైన బీటీయూ ఉండాలి.

ఒక టన్ను = గంటకు 12,000 బీటీయూ. రెండు ఏసీలు కలిపి 11 టన్నులు, 1,32,000 బీటీయూ. దాన్ని 11తో భాగిస్తే 12,000 వాట్లు, అంటే 12 కిలోవాట్లు.

కిలోవాట్లలోనే లెక్క చేయాలనుంటే ఈఈఆర్‌ని ముందు సీఓపీగా (ఒక కిలోవాట్ కరెంటుకి ఎన్ని కిలోవాట్ల చల్లదనం వస్తుందో ఆ అంకె) మార్చుకోవాలి, 3.412తో భాగించి. 11 ÷ 3.412 = 3.22. 38.69 ÷ 3.22 = 12.0. రెండు దారుల్లోనూ ఒకటే జవాబు రావాలి, రాకపోతే ఎక్కడో బీటీయూ, వాట్ కలిసిపోయాయి. చూడగానే పట్టేయడానికి ఒక కొండగుర్తు: ఈఈఆర్ మామూలుగా 9 నుంచి 13 మధ్య, సీఓపీ 2.5 నుంచి 4 మధ్య ఉంటుంది. ఏసీ మీద 3.2 అని ఉండి పేరు లేకపోతే అది సీఓపీయే.

ఇంకో తిరకాసు. ఐఎస్‌ఈఈఆర్, ఎస్‌ఈఈఆర్ లాంటివి సీజన్ మొత్తం మీద సగటు. కరెంటు బిల్లు అంచనాకి అవి మంచివే, జనరేటర్ సైజుకి పనికిరావు. జనరేటర్‌కి కావలసింది మండే ఎండలో ఏసీ ఆ క్షణంలో ఎంత లాగుతుందనేది. ప్లేట్ మీద ‘రేటెడ్ ఇన్‌పుట్’, ‘మ్యాగ్జిమమ్ ఇన్‌పుట్’ రెండూ ఉంటే రెండోది తీసుకోండి.

టన్ను ఎక్కడిదంటే, 0 డిగ్రీల దగ్గరున్న 2,000 పౌండ్ల మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి పట్టే వేడి. పౌండుకి 144 బీటీయూ చొప్పున 2,88,000 బీటీయూ, 24తో భాగిస్తే 12,000. అంటే ఇది ఏసీ బరువూ కాదు, మెట్రిక్ టన్నూ కాదు. మెట్రిక్ టన్ను మంచుతో లెక్కగట్టిన జపాన్ టన్ను వేరే ఉంది, గంటకు 3,320 కిలోకేలరీలు, 3.86 కిలోవాట్లు. మన వాడుకలో ఉన్నది 3,024 కిలోకేలరీలు, 3.517 కిలోవాట్లు. పాత జపాన్ చిల్లర్ల కాగితాల్లో ఈ తేడా దాదాపు 10 శాతం. కొన్ని దేశాల్లో గది ఏసీలకి హెచ్‌పీ అంటారు, 1 హెచ్‌పీ అంటే సుమారు 9,000 బీటీయూ. దాన్ని 746తో గుణించారో, ఏ అర్థమూ లేని అంకె వస్తుంది.

కొలబద్ద:
పీఎస్, హెచ్‌పీ ఒకటి కావు. 33,000 పౌండ్ల బరువుని నిమిషంలో ఒక అడుగు ఎత్తితే ఒక హెచ్‌పీ, అది జేమ్స్ వాట్ పెట్టిన లెక్క. 745.7 వాట్లు. 75 కిలోల బరువుని సెకనులో ఒక మీటరు ఎత్తితే ఒక పీఎస్. 75 × 9.80665 = 735.5 వాట్లు. యూరప్ వాళ్లు గుండ్రటి అంకె కోసం వాట్ గుర్రాన్ని కాస్త బక్కచిక్కించారు. జర్మన్‌లో పీఎస్, ఫ్రెంచ్‌లో సీహెచ్, స్పానిష్‌లో సీవీ, డచ్‌లో పీకే అన్నా ఇదే. తేడా 1.4 శాతం. మీ ఇంజిన్ 78 × 0.7355 = 57.37 కిలోవాట్లు. 0.746తో చేస్తే 58.19 వచ్చేది. 0.8 కిలోవాట్ల తేడా. చిన్నదే, కానీ ఇంజిన్‌లో మార్జిన్ రెండు మూడు కిలోవాట్లే ఉన్న చోట చిన్నదనలేం.

‘హెచ్‌పీ’ అన్న ఒక్క పేరు కింద నాలుగు ఉన్నాయి:

మెకానికల్: 745.69987 వాట్లు
ఎలక్ట్రికల్: సరిగ్గా 746 వాట్లు
మెట్రిక్, అంటే పీఎస్: 735.49875 వాట్లు
బాయిలర్: 9,809.5 వాట్లు

మొదటి రెండింటి తేడాని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. నాలుగోది మాత్రం పదమూడు రెట్లు. గంటకు 34.5 పౌండ్ల నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేసే వేడి అది. బాయిలర్ కాగితం మీద 20 హెచ్‌పీ అని కనబడితే 15 కిలోవాట్లు అనేసుకోకండి, 196 కిలోవాట్లు.

షీట్ కోసం గుణకాలు. అన్నిటినీ ముందు వాట్లలోకి తెచ్చి, అక్కడి నుంచి కావలసిన యూనిట్‌లోకి వెళ్లండి. ప్రతి యూనిట్‌కీ ఒక్క అంకె గుర్తుంటే చాలు:

గంటకు ఒక బీటీయూ: 0.293071 వాట్లు
గంటకు ఒక కిలోకేలరీ: 1.163 వాట్లు
ఒక టన్ను: 3,516.85 వాట్లు
సెకనుకి ఒక అడుగు-పౌండు: 1.355818 వాట్లు
సెకనుకి ఒక కేజీ-మీటరు (ఒక కిలో బరువు, ఒక మీటరు ఎత్తు): 9.80665 వాట్లు
సెకనుకి ఒక ఎర్గ్: కోటో వంతు వాట్

మధ్యలో హెచ్‌పీ మీదుగా తిప్పకండి. టన్నుని 4.716 హెచ్‌పీ అని మార్చి, దాన్ని 0.7355తో కిలోవాట్లు చేసిన షీట్లు తిరుగుతున్నాయి. టన్నుకి 3.517 రావలసింది 3.469 వస్తుంది. వెళ్లేటప్పుడు ఇంగ్లిష్ గుర్రం, వచ్చేటప్పుడు జర్మన్ గుర్రం.

కిలోకేలరీకి 1.163 అన్నది కేలరీని 4.1868 జౌళ్లుగా తీసుకున్నది. కెమిస్ట్రీ పుస్తకాల్లోని 4.184 తీసుకుంటే 1.1622 వస్తుంది. తేడా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు, బర్నర్ లెక్కకి మర్చిపోవచ్చు.

ఎక్సెల్ వాడితే కన్వర్ట్ ఫంక్షన్‌లో పవర్‌కి హెచ్‌పీ, పీఎస్, వాట్ మూడే ఉన్నాయి. హెచ్‌పీ అంటే అందులో 745.7, సందేహం లేదు. బీటీయూ, కేలరీ కూడా దొరుకుతాయి గానీ అవి ఎనర్జీ కింద ఉంటాయి, ‘గంటకు’ అన్నది దానికి తెలియదు. బీటీయూని జౌళ్లలోకి మార్చి 3,600తో మీరే భాగించుకోవాలి. పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా అది పట్టించుకుంటుంది. చిన్న ఎం మిల్లీ, పెద్ద ఎం మెగా. మిల్లీవాట్‌కీ మెగావాట్‌కీ మధ్య వంద కోట్ల రెట్లు, తప్పు టైపు చేసినా ఫంక్షన్ ఎర్రర్ ఇవ్వదు, నిశ్శబ్దంగా జవాబిస్తుంది.

అక్షరం అంటే గుర్తొచ్చింది. అమెరికా ఏసీ, హీటర్ కేటలాగుల్లో ఎంబీహెచ్ అని ఉంటుంది. ఆ ఎం మెగా కాదు, రోమన్ అంకెల్లో వెయ్యి. మీ రెండు ఏసీలు కలిపి 132 ఎంబీహెచ్. పది లక్షలు కావాలంటే వాళ్లు ఎం రెండుసార్లు రాస్తారు, ఎంఎంబీటీయూ. గంటకు ఒక ఎంఎంబీటీయూ అంటే 293 కిలోవాట్లు.

షీట్‌లో ఇంకొక్క కాలమ్ పెట్టండి: ‘ఏ పవర్?’ షాఫ్టు, చల్లదనం, వేడి, కరెంటు, కేవీఏ. ఈ గడి ఖాళీగా ఉన్న వరుసని మొత్తంలోకి కూడనివ్వకండి. మీ 131 అసలు పుట్టేదే కాదు.

ప్లాంటులెక్క:
అర్థమైంది. మరి బర్నర్ వరుసకి ఏం వేయాలి? ఆ 69.78 మొత్తం తీసేయాలా? డీజిల్ బదులు కరెంటు హీటర్ పెడితే?

వైండింగ్‌వాలా:
69.78 మొత్తం తీసేసి, బర్నర్ బ్లోయర్, ఆయిల్ పంపు, వేడినీళ్ల సర్క్యులేషన్ పంపు ఎంత లాగుతాయో అది వేయండి. ఈ సైజుకి అన్నీ కలిపి ఒక కిలోవాట్ దగ్గర వేసుకోవచ్చు, ప్లేట్లు చూసి సరిచేయండి.

60,000 అన్నది అవుట్‌పుట్టో ఇన్‌పుట్టో కూడా చూడండి, డీజిల్ లెక్కకి కావాలి. అవుట్‌పుట్ అయితే, 88 శాతం ఎఫిషియెన్సీకి ఇన్‌పుట్ 68,180 కిలోకేలరీలు. డీజిల్ కిలోకి 10,200 వేసుకుంటే గంటకు 6.7 కిలోలు, 8 లీటర్లు.

కరెంటు హీటర్ పెడితే మాత్రం ఆ 69.78 నిజంగానే లోడ్ అవుతుంది. వేడి కడ్డీకి ఎఫిషియెన్సీ దాదాపు 100 శాతం, ఒక కిలోవాట్ కరెంటుకి గంటకు 860 కిలోకేలరీలు, అంతకు మించి రావు. హీట్‌పంపు అయితే సీఓపీ 3 దగ్గర 23 కిలోవాట్లు. 62.5 కేవీఏ మీద కడ్డీల హీటర్ అనే ఆలోచన వదిలేయండి.

కేవీఏ_కాపలా:
ఇప్పుడు కూడదాం. పంపు 8.43, కంప్రెసర్ 12.22, ఏసీలు 12.0, బర్నర్ 1, లైట్లు 4. మొత్తం 37.65 కిలోవాట్లు.

కేవీఏ కోసం దీన్ని 0.8తో భాగించకండి. జనరేటర్ ప్లేట్ మీద ఉండే 0.8 ఆల్టర్నేటర్‌ని (కరెంటు పుట్టించే భాగాన్ని) ఏ పవర్ ఫ్యాక్టర్‌కి తయారుచేశారో చెప్తుంది, మీ లోడ్‌ది కాదు. ఒక్కో మెషీన్ కేవీఏ విడిగా తీసి కూడినా తప్పే, పవర్ ఫ్యాక్టర్లు వేరువేరుగా ఉన్నప్పుడు అసలు కన్నా ఎక్కువ వస్తుంది. కిలోవాట్లు ఒక పక్క, కేవీఏఆర్‌లు (పని చేయకుండా వచ్చిపోయే పవర్) ఒక పక్క కూడి, చివర్లో కలపాలి.

పవర్ ఫ్యాక్టర్లు పంపుకి 0.85, కంప్రెసర్‌కి 0.86, ఏసీకి 0.88, బర్నర్‌కి 0.75, లైట్లకి 0.95 అనుకుంటే కేవీఏఆర్‌లు వరసగా 5.22, 7.25, 6.48, 0.88, 1.31. మొత్తం 21.14. 37.65 వర్గం, 21.14 వర్గం కూడి వర్గమూలం తీస్తే 43.2 కేవీఏ. మీ ఉమ్మడి పవర్ ఫ్యాక్టర్ 0.87.

62.5 కేవీఏ సెట్ 0.8 దగ్గర 50 కిలోవాట్లు ఇస్తుంది. రెండు హద్దులూ విడివిడిగా చూడాలి. కిలోవాట్ హద్దు ఇంజిన్‌ది, కేవీఏ హద్దు ఆల్టర్నేటర్‌ది. మీది కిలోవాట్లలో 75 శాతం, కేవీఏలో 69 శాతం. ముందు తగిలేది ఇంజిన్ హద్దు. అమ్మేవాళ్లు చెప్పిన సైజు ఇక్కడిదాకా సబబే.

ఇంజిన్ వైపు కూడా ఒకసారి చూడండి. 50 కిలోవాట్లు ఇవ్వాలంటే 91 శాతం ఎఫిషియెన్సీ ఉన్న ఆల్టర్నేటర్‌కి షాఫ్టు దగ్గర 54.9 కిలోవాట్లు కావాలి. మీ 78 పీఎస్ 57.37. మిగిలింది 2.4. ఆ 78 రేడియేటర్ ఫ్యాన్ తీసేసి కొలిచిన గ్రాస్ రేటింగ్ అయితే, ఫ్యాన్ ఆ మిగులులోంచే తింటుంది. 0.746తో లెక్కేసుంటే మిగులు 3.3లా కనబడేది, పీఎస్ పట్టించుకోవడం ఇక్కడ పనికొచ్చింది. నెట్ రేటింగ్ అడగండి.

62.5 ప్రైమా (రోజూ నడపడానికి), స్టాండ్‌బైనా (కరెంటు పోయినప్పుడు మాత్రమే) అన్నది రెండో ప్రశ్న. ఐఎస్‌ఓ 8528 ప్రకారం ప్రైమ్ రేటింగ్‌లో 24 గంటల సగటు లోడ్ 70 శాతం దాటకూడదు, తయారీదారు ఒప్పుకుంటే తప్ప. మీ 75 శాతం అన్నీ ఒకేసారి ఫుల్‌గా నడిచినప్పటిది. కంప్రెసర్ అన్‌లోడ్ అవుతూ, ఏసీలు కట్ అవుతూ ఉంటే సగటు 70 లోపే ఉంటుంది. స్టాండ్‌బై రేటింగ్‌ని ప్రైమ్ అనుకుని కొంటే మాత్రం ఓవర్‌లోడ్‌కి చోటే లేదు.

అసలు ప్రమాదం స్టార్టింగ్‌లో ఉంది, అది ఏ యూనిట్ మార్పిడిలోనూ కనబడదు. కంప్రెసర్ నడిచేటప్పుడు 12.22 ÷ 0.86 = 14.2 కేవీఏ. డైరెక్ట్ స్టార్టర్ మీద మొదలైతే ఆరు రెట్లు, 85 కేవీఏ. 62.5 సెట్ మీద వోల్టేజీ పడిపోతుంది, ఏసీల కాంటాక్టర్లు టపటపా రాలిపోతాయి, కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతాయి. మీటరులో కిలోవాట్లు మాత్రం హద్దు లోపలే కనబడతాయి, అందుకే ఎవరికీ అంతుపట్టదు. స్టార్-డెల్టా (స్టార్‌లో మొదలై తర్వాత డెల్టాకి మారే స్టార్టర్) పెడితే మూడో వంతు, 28 కేవీఏ. కాకపోతే స్టార్‌లో టార్క్ కూడా మూడో వంతే, కాబట్టి కంప్రెసర్ అన్‌లోడ్‌లో మొదలవ్వాలి. ట్యాంక్ ప్రెషర్ మీద మొదలుపెడితే స్టార్‌లో కదలక, డెల్టాకి మారే క్షణంలో మళ్లీ అదే దెబ్బ కొడుతుంది. సాఫ్ట్ స్టార్టర్ అయితే ఇంకా మేలు.

యాంటెనా:
పక్కదారి ప్రశ్న. రేడియో లింక్ మీద 20 డీబీఎం అని ఉంది. దీన్ని కూడా కొలబద్ద గారి పట్టికలో వాట్లుగా పెట్టొచ్చా?

కొలబద్ద:
పెట్టొచ్చు, గుణకంతో కుదరదు. డీబీఎం లాగరిథమ్. అంకెని 10తో భాగించి, 10ని ఆ ఘాతానికి ఎత్తితే మిల్లీవాట్లు వస్తాయి. 0 డీబీఎం 1 మిల్లీవాట్, 20 అంటే 100 మిల్లీవాట్లు, 30 అంటే 1 వాట్. ప్రతి 3 పెరిగితే దాదాపు రెట్టింపు, ప్రతి 10కి పది రెట్లు. రెండు 20 డీబీఎం ట్రాన్స్‌మిటర్లు కలిస్తే 40 కాదు, 23. షీట్‌లో సమ్ కొట్టారంటే రెండు వందల మిల్లీవాట్లు కాస్తా పది వాట్లయిపోతాయి. కేబుల్ లాస్, యాంటెనా గెయిన్ మాత్రం డీబీలో ఉంటాయి, వాటిని నేరుగా కూడొచ్చు, తీసేయొచ్చు. ఆ చివర ఎం ఉందా లేదా అన్నదే తేడా.

ప్లాంటులెక్క:
షీట్ మార్చాను. 37.65 కిలోవాట్లు, 43.2 కేవీఏ, సరిగ్గా అవే వచ్చాయి. ఒక్కటి మిగిలింది. సరఫరా చేసేవాళ్లు ఇచ్చిన కాగితంలో ‘లోడ్ 38 కిలోవాట్/గంట’ అని ఉంది. ఇది పవరేనా, ఎనర్జీనా?

కేవీఏ_కాపలా:
ఆ గీత వల్లే గందరగోళం. కిలోవాట్ అంటేనే సెకనుకి వెయ్యి జౌళ్లు, ‘కి’ అన్నది అందులోనే ఉంది. మళ్లీ గంటతో భాగిస్తే లోడ్ ఎంత వేగంగా పెరుగుతోందన్న అర్థం వస్తుంది, అది వాళ్ల ఉద్దేశం కాదు. వాళ్లు రాయబోయింది 38 కిలోవాట్లయినా అయ్యుండాలి, గంటలో 38 కిలోవాట్-అవర్లు అయినా అయ్యుండాలి. గంటసేపు స్థిరంగా నడిస్తే రెండూ ఒకే అంకె, అందుకే తప్పు బయటపడదు. కానీ రోజు మొత్తం మీటర్ యూనిట్లని 24తో భాగించి తెచ్చిన 38 అయితే, అది సగటు. పీక్ దానికి రెట్టింపు కూడా ఉండొచ్చు, దాని మీద జనరేటర్ సైజు తేల్చకూడదు. మీ పట్టిక 37.65 కాబట్టి వాళ్లది కూడా ప్లేట్ల నుంచి కూడినదే కావచ్చు. అయినా ‘ఇది గరిష్ఠ లోడా, సగటా’ అని అడిగి కాగితం మీదే రాయించుకోండి. కంప్రెసర్ స్టార్టర్ ఏ రకమో కూడా ఆ కాగితంలోనే రాయించండి, లేకపోతే 85 కేవీఏ దెబ్బకి వారంటీ వర్తించదంటారు.